వెండి నానోకణాల భద్రతను పండు ఈగలతో పరీక్షించాలంటే: ముందు ఈగ ఏం తిన్నదో తెలియాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: ఆకు రసంతో వెండి నానోకణాలు తయారు చేశారు. అవి బాక్టీరియాను బాగా చంపుతున్నాయి. ఎలుకల దాకా వెళ్లకుండా ముందు పండు ఈగల మీద వాటి భద్రత చూడమని మీ గైడ్ అన్నారు. ఈగ మీద వచ్చిన ఫలితం మనిషి గురించి ఏం చెబుతుంది, ప్రయోగం ఎలా పెట్టుకోవాలి, ఆ ఫలితాన్ని ఎవరైనా ఒప్పుకుంటారా అన్నవి మీ సందేహాలు. నేను చాలా ఏళ్లుగా డ్రోసోఫిలాతోనే (పండు ఈగ శాస్త్రీయ నామం) విషప్రభావ పరీక్షలు చేస్తున్నాను, కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ఈగ మంచి ఎంపికే. అయితే ఈ రంగంలో వచ్చే పేపర్లు చదివినప్పుడల్లా నన్ను బాధపెట్టే విషయం ఒకటుంది. ఈగకు ఏమైందో పేజీలకు పేజీలు రాస్తారు. దాని కడుపులోకి అసలు ఏం వెళ్లిందో ఒక పేరా కూడా ఉండదు. నీళ్లలో కరిగిపోయే మామూలు రసాయనంతో ఆ లోటు కొంతవరకు చెల్లుతుంది, నానోకణాలతో చెల్లదు. అందుకే ఈ సమాధానంలో సగం ఈగ గురించి కాక దాని మేత గురించి ఉంటుంది.

ముందు ఈగ సంగతి. హాని చేసే వాటిని ఈగలతో పట్టుకోవడం కొత్త పద్ధతేమీ కాదు. ఎక్స్‌రే కిరణాలు జన్యువులను మార్చేస్తాయని హెర్మన్ ముల్లర్ 1927లో నిరూపించింది ఈ ఈగల మీదే. ఆ పనికి 1946లో ఆయనకు నోబెల్ వచ్చింది. మస్టర్డ్ గ్యాస్ వంటి రసాయనాలు కూడా ఉత్పరివర్తనాలు, అంటే జన్యువుల్లో మార్పులు కలిగిస్తాయని 1940లలో షార్లెట్ ఆవర్‌బాక్ చూపించిందీ ఈగలతోనే. 2000లో దీని జన్యుక్రమం వెల్లడైన తర్వాత, మనుషుల్లో వ్యాధులతో ముడిపడిన జన్యువుల్లో దాదాపు నాలుగింట మూడు వంతులకు ఈగలో పోలిక జన్యువులున్నాయని తేలింది. ఆక్సీకరణ ఒత్తిడి, డీఎన్ఏ మరమ్మతు, జీవకణాల స్వీయమరణం, ఒత్తిడికి గురైనప్పుడు జీవకణాలు తయారు చేసే హీట్ షాక్ ప్రొటీన్ల స్పందన వంటివి దానిలోనూ మనలోనూ చాలావరకు ఒకే పద్ధతిలో నడుస్తాయి. నానోకణాలు సాధారణంగా దెబ్బతీసేది కూడా ఈ వ్యవస్థలనే. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర గుడ్డు నుంచి రెక్కల ఈగ దాకా పది రోజులు చాలు. అందులో నాలుగు రోజులు లార్వా, అంటే గుడ్డు నుంచి వచ్చిన పిల్ల పురుగు, మేతలో మునిగి తింటూనే ఉంటుంది. నోటి ద్వారా వెళ్లే పదార్థాన్ని పరీక్షించడానికి ఇంతకంటే అనువైన జీవి దొరకడం కష్టం.

కానీ ఈగకు ఊపిరితిత్తులు లేవు. గాలి దాని ఒంటి పక్కనున్న రంధ్రాల నుంచి సన్నని గొట్టాల ద్వారా నేరుగా కణజాలాలకు చేరుతుంది. కాబట్టి పొడి పీల్చితే మనిషికి ఏమవుతుందన్న ప్రశ్నకు ఈగ దగ్గర జవాబు లేదు. మనకున్నట్టు యాంటీబాడీలు తయారు చేసే రోగనిరోధక వ్యవస్థ కూడా లేదు. రక్తనాళాలు లేవు, హీమోలింఫ్ అనే ద్రవం శరీర కుహరంలో నేరుగా అవయవాలను తడుపుతూ తిరుగుతుంది. కణాలు ఏ అవయవంలో ఎంత చేరతాయన్న లెక్కను ఈగ నుంచి మనిషికి అలాగే మోసుకెళ్లడానికి వీల్లేదు. హాని జరిగే తీరు గురించి, అంటే ఏ వ్యవస్థ దెబ్బతింటోంది అన్న దాని గురించి మాత్రం ఈగ చెప్పే మాటకు విలువుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. నానోపదార్థమంటే సుమారు 1 నుంచి 100 నానోమీటర్ల మధ్య ఉండే కణాలు. ఒక సెంటీమీటరు భుజమున్న ఘనాన్ని ఒక నానోమీటరు ఘనాలుగా కోస్తూ పోతే, 6 చదరపు సెంటీమీటర్ల ఉపరితలం 6,000 చదరపు మీటర్లవుతుంది. పదార్థం అదే, బరువు అదే, చుట్టూ ఉన్నవాటితో తగిలే చోటు మాత్రం కోటి రెట్లు పెరిగింది. ఈ ఉపరితలం ఖాళీగా ఉండదు. నీళ్లలో వేసినప్పుడు ఒక రకంగా, ఉప్పు ఉన్న ద్రావణంలో మరో రకంగా, ప్రొటీన్లు ఉన్న మేతలో ఇంకో రకంగా ప్రవర్తిస్తుంది. మేతలోని ప్రొటీన్లు కణం చుట్టూ పొరలా అతుక్కుంటాయి. కణాలు ఒకదానికొకటి అంటుకుని ముద్దలవుతాయి. వెండి లాంటివైతే నెమ్మదిగా కరుగుతూ అయాన్లను, అంటే విద్యుదావేశమున్న వెండి పరమాణువులను విడుదల చేస్తాయి. సీసాలో 20 నానోమీటర్లుగా ఉన్న కణం ఈగ నోటి దగ్గరకు వచ్చేసరికి మైక్రాన్ల (మైక్రాన్ అంటే వెయ్యి నానోమీటర్లు) సైజు ముద్ద అయిపోయి ఉండొచ్చు. అప్పుడు మీరు పరీక్షించింది నానోకణాన్ని కాదు.

అందుకని ఈగల గదిలోకి వెళ్లేముందు కొన్ని పనులు పూర్తి చేయండి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద కణాల సైజు, ఆకారం చూడండి. నీళ్లలో వాటి సైజును డైనమిక్ లైట్ స్కాటరింగ్ (కాంతి చెదిరే తీరును బట్టి సైజు చెప్పే పద్ధతి)తో, ఉపరితల ఆవేశాన్ని జీటా పొటెన్షియల్‌తో కొలవండి. మేత చిక్కగా, రంగుగా ఉంటుంది కాబట్టి అందులో లైట్ స్కాటరింగ్ పనిచేయదు. దానికి బదులు మేత ముక్కను మైక్రోస్కోపుకు పంపి కణాలు విడివిడిగా ఉన్నాయా, ముద్దకట్టాయా చూడాలి. మేతలో పై పొర నుంచి, అడుగు నుంచి విడిగా నమూనాలు తీసి వెండి ఎంత ఉందో ఐసీపీ-ఎంఎస్ (అతి తక్కువ మోతాదు లోహాన్ని కూడా కొలిచే యంత్రం)తో కొలిపించండి. రెండు చోట్లా ఒకటే వస్తే కణాలు సమంగా కలిశాయన్నమాట. చివరగా ప్రయోగం ముగిసిన లార్వాలను కడిగి, వాటిలో వెండి ఎంతుందో కూడా చూడండి. కడగడం మరిచిపోవద్దు, లేకపోతే చర్మానికి అంటుకున్నది కూడా లెక్కలోకి వస్తుంది. లార్వాను కొలిచే ముందు కాసేపు మామూలు మేత మీద ఉంచితే పేగులో ఉన్న మేత బయటికి పోతుంది, ఒంటికి పట్టినది మిగులుతుంది. ఆ రెండింటి తేడా చాలా ముఖ్యం.

మేత తయారీలో కూడా జాగ్రత్త అవసరం. మొక్కజొన్న పిండి, ఈస్ట్, చక్కెర, అగార్‌తో చేసే మామూలు మేతను ఉడికించి దించాక, గడ్డకట్టేలోపు కణాలు కలపాలి. మరీ వేడిగా ఉన్నప్పుడు కలిపితే కణాలు ముద్దకట్టే ప్రమాదం ఉంది, మరీ చల్లారితే సమంగా కలవవు. బూజు పట్టకుండా వేసే ప్రొపియోనిక్ ఆమ్లం మేతను పుల్లగా చేస్తుంది, దానివల్ల వెండి కరిగే వేగం మారొచ్చు. కంట్రోల్ వయల్స్‌లోనూ, అంటే పోలిక కోసం నానోకణాలు కలపకుండా ఈగలను పెంచే సీసాల్లోనూ, అదే మోతాదు ఉండాలి. ఈస్ట్‌లో గంధకం ఉన్న ప్రొటీన్లు ఎక్కువ, వెండి వాటిని గట్టిగా పట్టుకుంటుంది. అందుకే వేర్వేరు ల్యాబులు ఒకే డోసు వేసి వేర్వేరు ఫలితాలు చూడటంలో ఆశ్చర్యం లేదు. మీ మేతలో ఏది ఎంత వేశారో గ్రాముల్లో రాయండి, ‘స్టాండర్డ్ మీడియం’ అని వదిలేయకండి. ఇంకో మాట, మీ కణాలు బాక్టీరియాను చంపుతాయని మీరే చెప్పారు. ఈగ పేగులో, మేతలో ఉండే సూక్ష్మజీవులను కూడా అవి చంపుతాయి. లార్వా ఎదుగుదల కొంతవరకు ఆ సూక్ష్మజీవుల మీద ఆధారపడి ఉంటుంది. ఎదుగుదల ఆలస్యమైతే అది కణం నేరుగా చేసిన హానా, సూక్ష్మజీవులు పోవడం వల్ల వచ్చిందా అన్న ప్రశ్న మీ పేపరును పరిశీలించే రివ్యూయర్ తప్పకుండా అడుగుతారు.

కంట్రోల్స్ విషయంలో రాజీ వద్దు. ఏమీ కలపని మేత ఒకటి. మీది ఆకు రసంతో చేసిన కణం కాబట్టి, వెండి లేకుండా ఆకు రసం మాత్రమే కలిపిన మేత ఒకటి. మొక్కల్లో పురుగులకు పడని పదార్థాలు ఎన్నో ఉంటాయి, ఈగలు చచ్చిపోతే ఆ నేరం వెండిది కాక ఆకుది కావచ్చు. అయాన్ల కంట్రోల్‌గా వెండి నైట్రేట్ కలిపిన మేత ఒకటి, వెండి లెక్కలో సమానంగా. కణాలను సెంట్రిఫ్యూజ్ యంత్రంలో వేగంగా తిప్పి అడుగుకు దించి, పైన తేలిన నీటిని మాత్రమే కలిపిన మేత కూడా పెడితే ఇంకా మంచిది. తయారీలో మిగిలిపోయినవి ఏమైనా హాని చేస్తుంటే అక్కడ బయటపడుతుంది. ఇన్ని పెట్టడానికి చాలామంది బద్ధకిస్తారు. కానీ వెండి విషయంలో వచ్చే అతి పెద్ద ప్రశ్న ‘ఇది కణం చేసిన పనా, అయాన్ చేసిన పనా’ అన్నదే. వెండి నైట్రేట్ కంట్రోల్ లేని పేపరును నేను రివ్యూ చేస్తే వెనక్కి పంపిస్తాను.

దీనికి మంచి ఉదాహరణ ఈగ రంగు. వెండి నానోకణాలు కలిపిన మేతలో పెరిగిన లార్వాల నుంచి వచ్చే ఈగలు కొన్ని డోసుల దగ్గర పాలిపోయి, లేత పసుపు రంగులో ఉంటాయి. గోడ ఎక్కడంలో కూడా మందకొడిగా ఉంటాయి. వెండి ఒంట్లో రాగి పనికి అడ్డుపడుతుందని, రాగి లేనిదే పనిచేయని టైరోసినేజ్, కాపర్-జింక్ సూపరాక్సైడ్ డిస్మ్యూటేజ్ అనే ఎంజైముల చురుకుదనం తగ్గిపోతుందని 2013లో వచ్చిన ఒక పరిశోధన వివరించింది. టైరోసినేజ్ తగ్గితే నల్ల రంగు ఏర్పడదు, డిస్మ్యూటేజ్ తగ్గితే ఆక్సీకరణ ఒత్తిడి పెరుగుతుంది. చూడండి, మైక్రోస్కోపు కింద పెట్టగానే కనిపించే ఒక చిన్న రంగు మార్పు హాని జరిగే దారిని మొత్తం చూపించింది. అయితే వెండి లవణాలు కూడా ఇలాగే రంగు పోగొట్టగలవు. కాబట్టి మీ ఈగలు పాలిపోతే సంబరపడి ‘నానో ప్రభావం’ అని రాయకండి. నైట్రేట్ వయల్స్‌లోని ఈగలను పక్కన పెట్టి పోల్చండి. మేతలో కొంచెం రాగి కలిపితే రంగు తిరిగి వస్తుందేమో చూడటం కూడా మీకు చక్కటి అదనపు ప్రయోగమవుతుంది.

ఆకలి గురించి కూడా చెప్పాలి. మేత రుచి నచ్చకపోతే లార్వా తక్కువ తింటుంది. తక్కువ తింటే ఆలస్యంగా ప్యూపా (ఈగగా మారే ముందు దశ) అవుతుంది, చిన్న ఈగగా బయటికొస్తుంది. విషప్రభావం కూడా సరిగ్గా ఇలాగే కనిపిస్తుంది. రెంటినీ విడదీయాలంటే మేతలో హానిలేని రంగు కలిపి, కొంతసేపటి తర్వాత లార్వా పేగులో ఎంత రంగు చేరిందో కంట్రోల్‌తో పోల్చాలి. చిన్న పనే, కానీ ఇది లేకుండా ఎదుగుదల గురించి ఏ మాటా నిలబడదు. వయల్‌లో గుడ్ల సంఖ్య కూడా సమానంగా ఉండాలి, కిక్కిరిసిన వయల్‌లో మందేమీ లేకపోయినా ఎదుగుదల ఆలస్యమవుతుంది.

ఏం కొలవాలన్నది మీ ల్యాబులో ఉన్న వసతులను బట్టి ఉంటుంది. ముందు విస్తృతమైన డోసుల్లో బతికిన వాటిని లెక్కపెట్టి, చావు పెద్దగా లేని డోసులను అసలు ప్రయోగానికి ఎంచుకోండి. సగం ఈగలు చచ్చే డోసులో డీఎన్ఏ దెబ్బతిన్నదని చూపించడం వల్ల తెలిసేది తక్కువ. చస్తున్న జీవకణంలో డీఎన్ఏ ఎలాగూ విరుగుతుంది. ఆ తర్వాత ట్రైపాన్ బ్లూ అనే రంగుతో లార్వా పేగులో చచ్చిన జీవకణాలు, లార్వా పాకే వేగం, ఈగలు గొట్టం ఎక్కే పరీక్ష, ఎన్ని ప్యూపాల నుంచి ఈగలు బయటికొచ్చాయి అన్నవి తక్కువ ఖర్చుతో తేలిపోతాయి. హీట్ షాక్ ప్రొటీన్ 70, ఆక్సీకరణ ఒత్తిడిని తగ్గించే ఎంజైము కాటలేజ్ వంటివి తర్వాత చూసుకోవచ్చు. రంగు లేదా మెరుపు ఆధారంగా పనిచేసే ప్రతి పరీక్షలోనూ ఒక చిక్కుంది. వెండి కణాలు వాటంతటవే కాంతిని పీల్చుకుంటాయి, కొన్ని ఫ్లోరోసెన్స్‌ను ఆర్పేస్తాయి. ఈగ లేకుండా కణాలనూ, పరీక్షలో వాడే రసాయనాన్నీ (రీఏజెంట్) మాత్రమే కలిపి యంత్రం ఏం చూపిస్తుందో ముందే చూసుకోండి.

జన్యు హానికి నేను గట్టిగా సిఫార్సు చేసేది రెక్క మచ్చల పరీక్ష, స్మార్ట్ అని పిలుస్తారు. 1984లో గ్రాఫ్, ఆయన సహచరులు దీన్ని వివరంగా ప్రచురించారు. మల్టిపుల్ వింగ్ హెయిర్స్, ఫ్లేర్ అనే రెండు జన్యు గుర్తులున్న ఈగలను సంకరం చేసి, పుట్టిన లార్వాలకు మూడో రోజు నుంచి కణాలు కలిపిన మేత పెడతారు. లార్వా ఒంట్లో భవిష్యత్తులో రెక్కగా మారాల్సిన జీవకణాల్లో ఎక్కడైనా డీఎన్ఏ దెబ్బతింటే, పెద్దయ్యాక రెక్క మీద ఆ చోట వెంట్రుకలు గుంపుగానో, జ్వాల ఆకారంలోనో మొలుస్తాయి. 400 రెట్ల మైక్రోస్కోపు కింద రెక్క రెక్కనూ చూసి ఆ మచ్చలు లెక్కపెట్టాలి. పక్కపక్కనే రెండు రకాల మచ్చలు జంటగా కనిపిస్తే అది క్రోమోజోముల మధ్య పునఃసంయోగం (ముక్కల మార్పిడి) జరిగిందనడానికి సాక్ష్యం. ఓపిక కావాలి, కళ్లు నొప్పి పెడతాయి, కానీ ఖరీదైన యంత్రమేదీ అక్కర్లేదు. మచ్చలు లెక్కపెట్టేవారికి ఏ స్లైడ్ ఏ డోసుదో తెలియకుండా ఉండాలి. పాజిటివ్ కంట్రోల్‌గా, అంటే తప్పక మచ్చలు వేస్తుందని తెలిసిన పదార్థంగా, ఇథైల్ మీథేన్ సల్ఫోనేట్ వాడతారు. అది క్యాన్సర్ కారకం కాబట్టి గ్లవ్స్, ఫ్యూమ్ హుడ్ లేకుండా ముట్టుకోవద్దు.

ఈ పరీక్షలో మచ్చలు పెరగకపోతే కణాలు సురక్షితమని రాసేస్తారు చాలామంది. ఇక్కడ ఆగి ఆలోచించాలి. పురుగుల పేగు లోపల పెరిట్రోఫిక్ పొర అని కైటిన్, ప్రొటీన్లతో చేసిన ఒక గొట్టం ఉంటుంది. మేత దాని లోపలి నుంచి పోతుంది, పేగు గోడకు నేరుగా తగలదు. మన పేగులో జిగురు పొర ఉంది కానీ ఇలాంటి గొట్టం లేదు. 2007లో రైస్ విశ్వవిద్యాలయం వారు కార్బన్ నానోట్యూబులను లార్వాలకు తినిపించి, వాటి స్వంత ఇన్‌ఫ్రారెడ్ మెరుపుతో ఒంట్లో ఎక్కడున్నాయో చూశారు. తిన్న పది కోట్ల ట్యూబుల్లో సుమారు ఒకటి మాత్రమే అవయవాల్లోకి చేరినట్టు లెక్క తేలింది. రెక్క జీవకణాల దాకా చేరని పదార్థం రెక్క మీద మచ్చలు ఎలా వేస్తుంది? కాబట్టి మచ్చలు రాకపోతే, కణం అక్కడికి చేరిందని ముందు చూపించాలి. లేదా పేగు జీవకణాల్లోనూ హీమోసైట్లలోనూ (హీమోలింఫ్‌లోని జీవకణాలు) డీఎన్ఏ విరిగిందా అని చూసే కామెట్ పరీక్ష చేసి, నానోకణాలు మొదట తగిలే చోట డీఎన్ఏ ఎలా ఉందో చూడాలి. నా ఉద్దేశంలో ఈ రెండోది నానోకణాలకు మరింత న్యాయమైన పరీక్ష.

ఏ దారిలో తగులుతుందన్నదాని మీద ఫలితం ఎంతగా ఆధారపడి ఉంటుందో చెప్పడానికి 2009లో బ్రౌన్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పరిశోధన చాలు. కార్బన్ బ్లాక్ (మసి పొడి), ఫుల్లరీన్ (బంతి ఆకారపు కార్బన్ అణువు), ఒకే గోడ, పలు గోడల నానోట్యూబులు, ఈ నాలుగు కార్బన్ పదార్థాలనూ లార్వాల మేతలో కలిపితే అవి మామూలుగానే పెరిగి ఈగలయ్యాయి. అవే పదార్థాలను పొడిగా పెద్ద ఈగలకు తగిలిస్తే కథ మారిపోయింది. కార్బన్ బ్లాక్, ఒకే గోడ నానోట్యూబులు ఒంటికి దట్టంగా అతుక్కుని, ఈగలు ఎక్కలేక, చివరికి చచ్చిపోయాయి. మిగతా రెండింటితో అంత హాని కనిపించలేదు. పదార్థమూ అదే, జీవీ అదే, దారి ఒకటి మారింది. మీ కణాలను గాయాల మీద పూసే మందులో వాడాలనుకుంటే, తినిపించిన ఈగ ఫలితం ఆ ప్రశ్నకు సూటి జవాబు కాదని గుర్తుంచుకోండి.

గణాంకాల్లో ఒకటే చెబుతాను. ఒకే వయల్‌లో పెరిగిన ఇరవై లార్వాలు ఇరవై వేర్వేరు కొలతలు కావు. అవి ఒకే మేత తిన్నాయి, ఒకే చెమ్మలో పెరిగాయి. లెక్కకు యూనిట్ వయల్, ఈగ కాదు. వయల్స్ కూడా ఒకే రోజు ఒకే పాత్రలో వండిన మేతవి కాకుండా వేర్వేరు రోజుల్లో చేసినవై ఉండాలి. ఆడ, మగ ఈగలను విడిగా చూడండి. మీ ఈగల్లో వొల్బాకియా అనే బాక్టీరియా ఉందేమో కూడా ఒకసారి పీసీఆర్ (డీఎన్ఏ పరీక్ష)తో చూసుకోండి. అది ల్యాబుల్లో పెంచే చాలా ఈగల స్టాకుల్లో ఉంటుంది, ఈగ స్పందనను మారుస్తుంది.

మీ చివరి ప్రశ్న, దీన్ని ఎవరైనా ఒప్పుకుంటారా అన్నది. పత్రికలు ఒప్పుకుంటాయి, నియంత్రణ సంస్థల సంగతి వేరు. ఈగలతో చేసే సెక్స్-లింక్డ్ రిసెసివ్ లీథల్ పరీక్షకు (జన్యు హానిని చూసే ఒక పాత పరీక్ష) ఒకప్పుడు పలు దేశాలు కలిసి నడిపే ఓఈసీడీ సంస్థ మార్గదర్శకం ఉండేది, నంబరు 477. దాన్ని 2014లో తొలగించారు. కాబట్టి ఈగ ఫలితం ఒక్కటి పట్టుకుని ఏ ఉత్పత్తికీ అనుమతి తెచ్చుకోలేరు. దాని స్థానం వడపోత దగ్గర. పది రకాల పూతలున్న కణాల్లో ఏ రెండింటిని ఎలుకల దాకా తీసుకెళ్లాలి, ఏ ఎనిమిదింటిని ఇక్కడే ఆపేయాలి అన్నది ఈగలు చెప్పగలవు. అలా ఆగిపోయిన ప్రతి కణం వల్ల కొన్ని ఎలుకల ప్రాణాలు మిగులుతాయి. 1959లో రస్సెల్, బర్చ్ చెప్పిన మూడు ‘ఆర్’ల సూత్రంలో మొదటిది, అంటే జంతువుల బదులు వేరే పద్ధతి వాడటం, ఇక్కడ నిజంగా అమలవుతుంది. నాకు ఈ పని మీద ఇంత ఇష్టం ఉండటానికి అదీ ఒక కారణమే.

కాబట్టి పేపరు ముగింపులో ‘ఈ నానోకణాలు సురక్షితం’ అని రాయకండి. కణం సైజు ఇంత, పూత ఇది, ఒక గ్రాము మేతలో ఇన్ని మైక్రోగ్రాముల దాకా, ఇన్ని గంటలు లార్వాలకు తినిపించినప్పుడు, లార్వా ఒంట్లో ఇంత వెండి చేరినా ఈ ఈ కొలతల్లో మార్పు కనిపించలేదు అని రాయండి. మార్పు కనిపిస్తే వెండి నైట్రేట్‌తో పోలిస్తే ఎక్కువా తక్కువా అన్నది అదే వాక్యంలో చేర్చండి. మొదటి వయల్ పెట్టేముందు మీ కణాలు మేతలో ఎలా ఉన్నాయో చూపించే మైక్రోస్కోపు ఫొటో, వెండి నైట్రేట్ డోసుల పట్టిక పంపితే డోసులు ఎంచుకోవడంలో సాయం చేస్తాను.